లోపలి మడత

పాత చాకలిపేటలో మెట్ల కింద నా కొట్టు.
ఒక మిషను, ఒక ఇస్త్రీపెట్టె, మేకుకు వేలాడే టేపు.
జూన్ వస్తే స్కూలు చొక్కాలు గుట్టపడతాయి.
తల్లులందరిదీ ఒకటే మాట:
"కాస్త వదులుగా కుట్టన్నా, ఎదిగే పిల్లాడు."
చేతి అంచున రెండంగుళాల గుడ్డ
లోపలికి మడిచి కుడతాను.
మరుసటేడు ఆ కుట్టు విప్పితే
మడతలో దాక్కున్న నీలం, ఎండ తగలనిది,
కొత్తగా బయటికొస్తుంది.

మా పెంచల చొక్కా మడత
మూడేళ్లయినా విప్పలేదు.

కోనకు మొక్కుకుని పెట్టిన పేరు.
పేరులోనే పెంచడం ఉందని మా అమ్మ మురిసింది.
తొమ్మిది నిండాయి వాడికి.
మేడ మీద ఆరేళ్ల సెల్వి
వాడి భుజం దాటి పోయింది.

నెలకు రెండుసార్లు బీచి స్టేషన్లో బండి మారి
ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికి వెళ్తాం.
అక్కడా ఒక టేపు ఉంది, నాదానికంటే సన్నంది.
భుజానికీ మోచేతికీ నడుమ దాన్ని చుట్టి
నర్సమ్మ అరవంలో అంకె చదువుతుంది.
పదిహేను.
పోయినసారి పదిహేనున్నర.
ఆ అర కోసం మళ్లీ కొలవమని అడగబోయి
ఊరుకున్నాను. కొలతలో తప్పెక్కడ జరుగుతుందో
నాకు తెలుసు, అక్కడ జరగలేదు.

ఒక నెల వాడి తూకం కిలోన్నర పెరిగింది.
వరండాలో నేను నిజంగానే నవ్వాను,
ఎవరికో ఫోను కూడా చేశాను.
డాక్టరమ్మ వాడి కాలి ఎముక మీద బొటనవేలు నొక్కి తీసింది.
గుంట అలాగే ఉండిపోయింది.
"నీళ్లు" అంది.
తక్కెడ నీళ్లను కూడా బిడ్డే అనుకుంటుంది.

ఒక పిడి ఇచ్చి గట్టిగా నొక్కమన్నారు.
మొహమంతా ముడుచుకుని నొక్కాడు.
ముల్లు కాస్త మేలుకుని
మళ్లీ పడుకుంది.

ఇంట్లో కోటేశ్వరి
ఆలుగడ్డ సన్నగా తరిగి నానబెడుతుంది,
ఉడికించి ఆ నీళ్లు పారబోస్తుంది,
మళ్లీ నీళ్లు, మళ్లీ పారబోత.
రుచంతా మోరీలోకి పోయాక
మిగిలింది వాడికి పెడుతుంది.
అరటిపండు కూడదు. కొబ్బరినీళ్లు కూడదు.
గుడ్డులో తెల్లది వాడిది.
పచ్చసొన పారెయ్యడానికి చేతులు రాక
నేను తింటాను.

నా నడుము ముప్పైనాలుగు ఉండేది.
ఇప్పుడు ముప్పైఏడు.
నా ప్యాంటు నేనే వదులు చేసుకున్నాను,
రాత్రిపూట, మిషను చప్పుడు వాడికి వినపడకుండా,
చేతికుట్టుతో.

"నాయనా, అన్నం ఇనప వాసనొస్తా ఉండాది"
అంటాడు మూడో ముద్దకే.
వాడి ఒంట్లో సన్నటి నిప్పొకటి ఆరకుండా ఉంటుందట,
తిన్నది చాలనప్పుడు కండను కాలుస్తుందట.
ఆకలి లేకపోవడం మొండితనం కాదని
ఆ తిండి లెక్కలు చెప్పే అమ్మాయి వివరించేనాటికి
నేను వాణ్ణి రెండుసార్లు కొట్టి ఉన్నాను.
టేపు పట్టే ఈ చేత్తోనే.
దెబ్బకు దొరికేంత కండ కూడా లేదక్కడ.

ముక్కులోంచి గొట్టం వేసి
రాత్రంతా చుక్కచుక్కగా పాలపొడి ఎక్కిద్దామన్నారు.
కోటేశ్వరి ఏడ్చింది. వాడు మాత్రం అడిగాడు:
"అయితే నమలబళ్లేదా?"
ఆ మాటలో ఎంత సంబరం!
వారం ఆలోచించి సరేనన్నాం.

నిన్న సాయంత్రం ముక్కుకు ప్లాస్టరుతో కొట్టుకొచ్చాడు.
చేతులకు పని చెప్పమంది కదా డాక్టరమ్మ,
చక్రం తిప్పుతానన్నాడు.
ఎవరిదో కాలరు సూది కింద పెట్టాను.
ఒక చుట్టు. రెండు.
మూడోది సగంలో ఆగింది,
సూది గుడ్డలో దిగబడి.
"రేపు తిప్పుతాలే" అన్నాడు మణికట్టు రుద్దుకుంటూ.

సూదిని పైకి తియ్యలేదు నేను.
కాలరు అలాగే ఉంచి
దీపమార్పి షట్టరు దించాను.